సంసారానికి ఐదుగురు కావలెను

మందాకిని మోటార్స్ వారి కొత్త కారు భీమవరం షోరూములో దిగిన రోజున, దాని పేరు చూసి మేనేజరు హైమావతి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. డిక్కీ మీద వెండి అక్షరాల్లో ‘సంసార్’ అని ఉంది. ఆ పేరు పెట్టినవాళ్ళు ఎక్కడో ఉత్తరాదిన, చల్లటి గదిలో కూర్చుని పెట్టారు. భీమవరంలో దాన్ని ‘సంసార్’ అని ఆపేసే నోరు ఒక్కటీ లేదు. సాయంత్రానికల్లా అది సంసారం అయిపోయింది.

“కొత్త సంసారం వచ్చిందటగా, ఓసారి చూపిస్తారేంటండి?” అని ఫోన్లు మొదలయ్యాయి. హైమావతి కార్లమ్మడంలోనే జుట్టు నెరిసిన మనిషి. నవ్వకుండా, “రండి, తప్పకుండా చూపిస్తాం” అనేది.

నిజం చెప్పాలంటే అది మంచి బండి. వెనక సీట్లో ముగ్గురు ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా కూర్చోవచ్చు. డిక్కీలో పెళ్ళికి వెళ్ళే ఇంటి సామానంతా పట్టాక కూడా ఓ మామిడిపళ్ళ బుట్టకి చోటు మిగులుతుంది. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు పట్టుకోకుండా ఎక్కి దిగొచ్చు. హైమావతి స్వయంగా ఉండి రోడ్డు గోతుల్లో నడిపి చూసింది. పక్కన కూర్చున్న మెకానిక్ చేతిలోని టీ తొణకలేదు. ఇలాంటి బండి అమ్మడానికి పెద్దగా మాట్లాడాల్సిన పని ఉండదని ఆమె అనుకుంది. మొదటి వారంలో నిజంగానే నాలుగైదు బుకింగులు వచ్చాయి.

అప్పుడు తణుకులో ఒకాయన, భార్యని ఆశ్చర్యపరుద్దామని బూడిద రంగు సంసారాన్ని కొని ఇంటికి తోలుకెళ్ళాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి, “అల్యూమినియం గిన్నెలా ఉంది” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఆ బాధలో ఫోనులో ఓ వీడియో తీసి లోకం మీదికి వదిలాడు. “ఇంటిల్లిపాదికీ నచ్చే కారని ప్రకటనలో చెప్పారు. మా ఇంట్లో నాకొక్కడికే నచ్చింది. ఇది న్యాయమా?” అని అందులో అడిగాడు.

ఆ వీడియోని కంపెనీ ఛైర్మన్ గారు చూశారు. చూసి, న్యాయం కాదని తేల్చారు.

మర్నాడు హైదరాబాదు నుంచి ప్రాంతీయ సంచాలకుడు చైతన్యవర్ధన్ గారు షోరూము మేనేజర్లందరినీ కంప్యూటరు తెర ముందు కూర్చోబెట్టారు. ఆయనకి నలభై దాటి ఎంతో కాలం కాలేదు. మాట మాత్రం ప్రారంభోత్సవ శిలాఫలకంలా ఉంటుంది.

“నేటి నుంచి కుటుంబ ఏకాభిప్రాయ విధానం అమల్లోకి వస్తోంది. సంసార్‌ని మనం వాహనంగా చూడటం మానెయ్యాలి. అది సామూహిక గృహానుభూతి. గృహంలోని ఏ ఒక్క సభ్యుడూ అసంతృప్తితో ఆ అనుభూతిలోకి ప్రవేశించరాదు.”

“అంటే మేం ఏం చెయ్యాలి సార్?” అంది హైమావతి.

“కుటుంబం మొత్తం షోరూముకి రావాలి. కలిసి చూడాలి, కలిసి తిరగాలి, కలిసి ఔననాలి. ఒక్కరు కాదన్నా కంప్యూటరు బుకింగ్ స్వీకరించదు.”

“ఇంట్లో నలుగురే ఉంటే?”

“సీట్లు ఐదు మేడమ్. ఒక సీటు ఖాళీగా ఉందంటే మన బ్రాండు వాగ్దానంలో అంత మేర ఖాళీ ఉన్నట్టు. మేం ప్రామాణిక కుటుంబాన్ని నిర్వచించాం. భర్త, భార్య, ఇద్దరు పిల్లలు, ఒక వృద్ధుడు లేదా వృద్ధురాలు.”

“ఆరుగురుంటే సార్?”

చైతన్యవర్ధన్ గారు పక్కనున్న ఎవరితోనో గుసగుసలాడి, “ఆరో సభ్యుడి అంశం పరిశీలనలో ఉంది” అన్నారు.

కొత్త విధానం కింద మొట్టమొదట వచ్చినవాడు రొయ్యల చెరువుల ఆసామి రామభద్రరాజు. ఆయన నాలుగు రోజుల ముందే బండి చూసుకుని, నచ్చి, తెల్లరంగు తీసిపెట్టమని చెప్పి వెళ్ళినవాడు. ఇప్పుడు హైమావతి కబురంపితే తల్లిని, భార్యని, కొడుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని పెళ్ళిచూపులకి వచ్చినట్టు వచ్చాడు. అందరికీ మజ్జిగలిచ్చి కూర్చోబెట్టాక హైమావతికి, కంపెనీ రాసిచ్చిన ప్రశ్న అడగక తప్పలేదు. “ఈ బండి గురించి మీలో ఒక్కొక్కరి మనసులో ఏముందో చెప్పండి.”

తల్లిగారు గ్లాసు కింద పెట్టారు. “బండంటే కాస్త ఎత్తుగా ఉండాలమ్మా. మా మేనల్లుడి బండిలో కూచుంటే సైకిలోళ్ళు, మోటారు సైకిలోళ్ళు అందరూ కిందకి కనపడతారు. ఇందులో మనమే అందరికీ కనపడేలా ఉన్నాం.”

“ఫ్రెండ్స్ నవ్వుతారు నాన్నా” అన్నాడు కొడుకు. “ఇది హెడ్మాస్టర్లు కొనుక్కునే కారు.”

కూతురు పైకి చూసి, “కప్పు తెరుచుకోదా?” అంది.

“మన ఎండల్లో కప్పు తెరుచుకుని ఎక్కడికెళ్తావమ్మా?” అన్నాడు రాజుగారు.

“తెరవనక్కర్లేదు నాన్నా. తెరవగలగాలి.”

అందరి చూపూ భార్య వైపు తిరిగింది. ఆవిడ వెనక సీటు బట్టని అరచేత్తో నిమురుతోంది. “సీటు బాగానే ఉంది. కాకపోతే నేను దీన్లోనే కూచోవాలిగా. పెళ్ళయిన కాణ్ణించీ ముందు సీటు మీ అన్నయ్యగారిదేగా” అంది భర్తతో.

అక్కణ్ణించి సంభాషణ కారు దిగి, పెళ్ళినాటి విడిదింటికి వెళ్ళి, మధ్యలో ఎవరి సీమంతమో చూసుకుని, చెరువుల పంపకాల దగ్గర ఆగింది. హైమావతి రెండోసారి మజ్జిగ తెప్పించింది. చివరికి రాజుగారు ఆమెని పక్కకి పిలిచాడు.

“మేడమ్ గారూ, బండి కొంటున్నానని ఇంట్లో చెప్పినప్పుడు ఒక్కళ్ళూ టీవీ మీంచి తల తిప్పలేదండి. మీరు పిలిచి మనసులో ఏముందని అడిగారు చూడండి, అప్పుడు తెలిసిందండి, ఒక్కోళ్ళ మనసులో ఎంతుందో.”

ఆయన అటునుంచటే రోడ్డు దాటి ఎదుటి షోరూముకి వెళ్ళాడు. అక్కడ ఆయన్ని ఒకటే ప్రశ్న అడిగారు, తాళాలు ఎవరికివ్వమంటారని. సాయంత్రం ఆ కుటుంబం ఏనుగంత ఎత్తు బండిలో ఇంటికెళ్ళింది. వెనక సీట్లో రాజుగారి భార్య మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చోవడం హైమావతి అద్దంలోంచి చూసింది. ఆవిడ మొహంలో ఫిర్యాదేమీ లేదు. ఆవిణ్ణి అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు.

తర్వాత వచ్చిన కుటుంబాల కథ కూడా అంతే. రంగు దగ్గర మొదలైన మాట పుట్టింటి దాకా పోయేది. పాలకొల్లు నుంచి వచ్చిన అన్నదమ్ములు షోరూములోనే వేరుకాపురాలకి ముహూర్తం పెట్టుకున్నారు. హైమావతి అదనంగా కుర్చీలు వేయించింది, మజ్జిగలో అల్లం ఎక్కువ కలపమంది. బుకింగులు మాత్రం సున్నా. వెనక గోదాములో సంసారాల మీద దుమ్ము పడుతోంది. ఇలాగే ఉంటే షోరూము ఎత్తేస్తారని, తనతో పనిచేసేవాళ్ళంతా రోడ్డున పడతారని ఆమెకి నిద్ర పట్టేది కాదు.

ఆ మాటే చైతన్యవర్ధన్ గారితో చెప్పింది. ఆయన నొచ్చుకున్నారు. “మీరు అమ్మకాల కోణంలో చూస్తున్నారు మేడమ్. ఒక కుటుంబం మన షోరూములో గడిపే సమయం ఎంతగానో పెరిగింది. దేశంలో ఏ కారు గురించీ ఇంత లోతైన చర్చ జరగడం లేదు.”

అలాంటి రోజుల్లో ఎస్తేరు రాణి వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సు. వీరవాసరం నుంచి రోజూ స్కూటరు మీద డ్యూటీకి వస్తుంది. వానాకాలం వస్తే సగం తడిసి, నైటు డ్యూటీ అయితే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. బ్యాంకు లోను కూడా మంజూరు చేయించుకుని వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, డిక్కీ తీసి మూసి, “ఇది ఇచ్చెయ్యండి” అంది. అంత చిన్న బేరం హైమావతి చూసి చాలా కాలమైంది.

“ఇంట్లో ఎంతమందండీ?” అని అడిగింది, బండి వైపు చూస్తూ.

“నేనొక్కదాన్నేనండి. ఏం?”

హైమావతి ఫోను తీసి హైదరాబాదుకి చేసింది. చైతన్యవర్ధన్ గారు సావధానంగా విన్నారు. “ఒంటరి వ్యక్తికి సంసార్ అమ్మడం నైతికంగా సమంజసం కాదు మేడమ్. అలాంటి వారి కోసమే కదా మన చిన్న కారు ‘ఏకాంత్’ ఉన్నది.”

“దాంట్లో నా గొడుగు కూడా పట్టదండి” అంది ఎస్తేరు రాణి, ఫోనులోకి వినపడేలా. హైమావతి ఫోను పెట్టేశాక ఆవిడే మళ్ళీ అడిగింది. “పోనీ పెళ్ళి చేసుకొస్తే ఇస్తారాండి?”

“పెళ్ళొక్కటే చాలదండి. ఇద్దరు పిల్లలు కూడా ఉండాలి.”

“అంతవరకూ స్టాకుంటుందా?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎస్తేరు రాణి సంచి భుజాన వేసుకుని లేచింది. “శనివారం వస్తానండి. ఐదుగుర్ని కదా అడిగింది మీ కంప్యూటరు.”

శనివారం ఐదుగురూ వచ్చారు. భర్తగా ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియను ప్రకాశం వచ్చాడు. ఇంట్లో అసలు భార్య అనుమతి తీసుకునే వచ్చానని గుమ్మంలోనే చెప్పాడు. పిల్లలుగా ఇద్దరు నర్సింగు విద్యార్థినులు వచ్చారు. నాయనమ్మగా మాణిక్యమ్మ వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, ప్రసూతి వార్డులో ఊళ్ళో సగం మందిని మొదట ఎత్తుకున్నది ఆవిడే.

హైమావతి ప్రశ్న చదివింది. ఐదుగురూ ఒకే గొంతుతో, “బాగుందండి” అన్నారు. ఎవరూ ఎవరి పెళ్ళీ తవ్వలేదు. కంప్యూటరు ఒక్క క్షణం నమ్మలేనట్టు ఆగి, తర్వాత సన్నాయి వాయించింది. అది సన్నాయి వాయిస్తుందని హైమావతికి ఆ రోజే తెలిసింది.

చేసింది సరైన పనేనా అని ఆమె రాత్రి పక్క మీద కాసేపు ఆలోచించింది. ఐదుగురు కావాలన్నారు, ఐదుగురు వచ్చారు. ఔననాలన్నారు, అన్నారు. ఒక మనిషి వానలో తడవకుండా డ్యూటీకెళ్తుంది. అటు తిరిగి హాయిగా నిద్రపోయింది.

భీమవరంలో ఇలాంటి సంగతులు పాకడానికి ఎంతోసేపు పట్టదు. పది రోజుల్లో బీమా ఏజెంటు ముత్యాలరావు షోరూము ఎదుటి టీకొట్టు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాడు. “మీకు పూర్తి కుటుంబం కావాలాండి, తక్కువైనోళ్ళు చాలా?” అని మర్యాదగా అడిగేవాడు. ఒంటరివాళ్ళే వస్తారని హైమావతి అనుకుంది. నిండు సంసారులు ఎక్కువగా వచ్చారు. “మావాళ్ళని ఇంటి దగ్గర ఉంచేశానండి. వీళ్ళయితే మాట మీద నిలబడతారు” అనేవారు. గోదాము ఖాళీ అవుతూ వచ్చింది. సన్నాయి రోజుకి రెండుసార్లు మోగుతోంది.

రాష్ట్రంలో ఇంకెక్కడా కుటుంబాలు ఏకాభిప్రాయానికి రాకపోవడం, భీమవరంలో మాత్రం అడిగిన ప్రతి కుటుంబం రావడం హెడ్డాఫీసుని కదిలించింది. ‘భీమవరం నమూనా’ని అధ్యయనం చెయ్యడానికి చైతన్యవర్ధన్ గారు స్వయంగా విచ్చేశారు. వచ్చి, షోరూములో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ సంగతి ముత్యాలరావుకి చేరెయ్యడానికి హైమావతికి సందు దొరకలేదు.

పొద్దున ఒక బియ్యం వ్యాపారి కుటుంబంతో వచ్చాడు. వెంట మాణిక్యమ్మ, ముదురాకుపచ్చ చీరలో. సన్నాయి మోగింది. చైతన్యవర్ధన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. మధ్యాహ్నం ఒక లెక్చరరు కుటుంబంతో వచ్చాడు. వెంట మాణిక్యమ్మ, అదే చీరలో. చైతన్యవర్ధన్ గారు లేచి నిలబడ్డారు.

“అమ్మా, మీరు ఉదయం ఆ వ్యాపారిగారి మాతృమూర్తిగా వచ్చారు కదా?”

“వచ్చాను బాబూ.”

“ఇప్పుడు?”

“ఈ పిల్లలకి నాయనమ్మని.”

“రెండూ ఎలా సాధ్యం?”

“మధ్యలో అన్నం తిన్నాను” అంది మాణిక్యమ్మ.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. “ఇది కుటుంబ వ్యవస్థ మీద జరిగిన దాడి” అన్నారు. హైమావతి ఆయనకి మజ్జిగ ఇచ్చింది. ఉద్యోగం పోయిందనే అనుకుంది. కానీ ఒక్కొక్కర్ని శిక్షించడం మందాకిని మోటార్స్ పద్ధతి కాదు, విధానాన్ని బిగించడం వాళ్ళ పద్ధతి. నెల తిరక్కుండా కుటుంబ ప్రామాణీకరణ విభాగం పుట్టింది. కారు కావాలన్న ఇంటికి ఒక పరిశీలకుడు వెళ్ళి, వారం పాటు భోజనాల వేళ కూర్చుని, అది నిజమైన కుటుంబమో కాదో నిర్ణయించాలి.

ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా పంపే అలవాటు ఆ జిల్లాలో లేదు. పరిశీలకులు నెలరోజుల్లో చొక్కాలు కొత్తవి కుట్టించుకున్నారు. నివేదికలు మాత్రం నిక్కచ్చిగా రాశారు. ఒక ఇంట్లో తండ్రీ కొడుకులు తల్లి ద్వారా మాత్రమే మాట్లాడుకుంటున్నారు కాబట్టి తిరస్కరించారు. ఇంకో ఇంట్లో అత్తాకోడళ్ళు మితిమీరిన సఖ్యంగా ఉండటం అనుమానాస్పదంగా ఉందని తిరస్కరించారు. సన్నాయి మూగబోయింది.

అంతటితో ఆగకుండా పాత అమ్మకాలు కూడా తవ్వారు. మొదటి పేరు ఎస్తేరు రాణిది. కల్పిత కుటుంబంతో పొందిన సంసార్‌ని వెనక్కి తీసుకోవడానికి చైతన్యవర్ధన్ గారే బయలుదేరారు. హైమావతి వెంట వెళ్ళింది. తప్పు తనదని, ఆ మనిషి జోలికి వెళ్ళొద్దని దారిపొడుగునా చెప్పింది. ఆయన వినలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర డ్యూటీ మారే వేళ. ఎస్తేరు రాణి బండి తీసింది. పక్కన ప్రకాశం ఎక్కాడు. వెనక నర్సింగు పిల్లలిద్దరూ, వాళ్ళ మధ్య మాణిక్యమ్మా. రోజూ వాళ్ళంతా అందులోనే ఇళ్ళకి వెళ్తున్నారని హైమావతికి అప్పుడే తెలిసింది. బండి కదల్లేదు. లోపల గొడవ జరుగుతోంది.

“ఏసీ కట్టెయ్యమ్మా, నా మోకాళ్ళు పట్టేస్తన్నాయి” అంటోంది మాణిక్యమ్మ.

“కట్టేస్తే మేం ఉడికిపోవాలా? నిన్నా నీ మాటే నెగ్గింది మామ్మా” అంది ఒక పిల్ల.

“ముందు నన్ను దింపండి. రోజూ నేనే ఆఖరా?” అన్నాడు ప్రకాశం.

“నోళ్ళు మూసుకోకపోతే అందర్నీ బస్టాండులో దింపేస్తాను” అంది ఎస్తేరు రాణి. అప్పుడు అద్దం పక్కన నిలబడ్డ ఇద్దర్నీ చూసింది. విషయం విని స్టీరింగు గట్టిగా పట్టుకుంది. “బండి తీసుకెళ్తారా? తీసుకెళ్ళండి. కానీ ముందు ఈవిణ్ణి ఇంటి దగ్గర దింపి తీసుకెళ్ళండి. మోకాళ్ళ నొప్పులావిడ.”

చైతన్యవర్ధన్ గారు వంగి, లోపలున్న ఐదుగురినీ ఒక్కొక్కరుగా చూశారు. విధానం ప్రకారం ఆలోచించారు. ఈ మధ్య ఆయన చదివిన నివేదికల్లో ఇంత అసలైన ఘర్షణ ఎక్కడా లేదు.

“వీరిది కుటుంబమే” అని హైమావతితో అన్నారు. “సందేహం లేదు.”

బండి వెళ్ళిపోయింది. ఏసీ ఎవరి మాట ప్రకారం నడిచిందో తెలియదు.

సంవత్సరాంతానికి సంసార్ ఎందుకు అమ్ముడుపోలేదన్న దాని మీద మందాకిని మోటార్స్ వారి తుది నివేదిక వెలువడింది. వాహనంలో ఏ లోపమూ లేదని, విపణిలో లభ్యమవుతున్న కుటుంబాల నాణ్యత ఆశించిన స్థాయిలో లేదని అందులో తేల్చారు. కారు తయారీ ఆపేశారు. దాని స్థానంలో ‘దిగ్గజ్’ అనే నిలువెత్తు బండి వచ్చింది. దాన్ని కొనడానికి ఒక్క మనిషి చాలు, ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. షోరూము నిలబడింది, హైమావతి మనుషుల ఉద్యోగాలూ నిలబడ్డాయి.

గోదాములో ఒకే ఒక్క సంసారం మిగిలిపోయింది. ఎర్రది. దాన్ని కొనుక్కుంటానని చైతన్యవర్ధన్ గారే వచ్చారు. సిబ్బందికి ధర తగ్గింపు ఉంది. మధ్యాహ్నం పూట, షోరూములో పెద్దగా జనం లేరు.

“కంప్యూటరులో పాత నిబంధన ఇంకా అలాగే ఉంది సార్. ఐదుగురూ ఔననాలి, ఫోనులో అన్నా చాలు” అంది హైమావతి, కొంచెం ఇబ్బందిగా.

“ఉండాలి మేడమ్. నిబంధన అందరికీ ఒకటే” అన్నారాయన. ఇంట్లో ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ప్రామాణిక కుటుంబం ఎక్కణ్ణించి వచ్చిందో హైమావతికి ఇప్పుడు అర్థమైంది. ఆయన ఫోనుని బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా మీట నొక్కారు.

“నేను సంసార్ కొంటున్నాను.”

“సరే” అంది భార్య గొంతు.

“పిల్లల్ని కూడా అడుగు.”

“ఓకే” అంది ఒక గొంతు. “ఓకే” అంది ఇంకోటి.

“అమ్మ?”

“నీ ఇష్టం నాయనా.”

ఫోను ఆగిపోయింది. సన్నాయి మోగింది. కంపెనీ చరిత్రలో ఇంత త్వరగా ఏ కుటుంబమూ ఏకాభిప్రాయానికి రాలేదు. హైమావతి అభినందించబోయి, ఆయన మొహం చూసి ఆగింది. ఆయన ఫోను వైపే చూస్తున్నారు.

“ఏ రంగని కూడా ఎవరూ అడగలేదు మేడమ్” అన్నారు. మొదటిసారి ఆయన మాట మామూలు మనిషి మాటలా ఉంది.

హైమావతి ఫోనుని ఆయన వైపు జరిపింది. “మీరే మళ్ళీ చేసి చెప్పండి సార్” అంది.

ఆయన చాలాసేపు తటపటాయించి మళ్ళీ చేశారు. “శారదా, బండి ఎర్రది. నీకు... నీకు ఎరుపు ఎలా ఉంటుంది?”

“ఒంట్లో బాగానే ఉందా మీకు?”

“బాగానే ఉంది. ఎలా ఉంటుందో చెప్పు.”

“ఎరుపా? ఈ వయసులో ఎర్ర కారేసుకుని ఎక్కడ తిరుగుదామనండీ? ఎవర్నడిగి కొన్నారు? కర్టెన్లప్పుడూ ఇంతే, ఇంటికి తెచ్చి పడేసి అప్పుడు చెప్పారు.” ఆవిడ గొంతు పెరిగింది. వెనక నుంచి పిల్లలెవరో, “నాన్న ఎర్ర కారు కొన్నారంట” అని పెద్దగా అరిచారు. ఇంకెవరో, “సూపర్ కదా” అన్నారు. “నువ్వు ఊరుకో” అని ఇంకో గొంతు. ఆ ఇంట్లో ఎక్కడో తలుపు తెరుచుకుంది, టీవీ ఆగిపోయింది.

చైతన్యవర్ధన్ గారు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి హైమావతి వైపు చూశారు. “కాదంటున్నారు మేడమ్” అన్నారు. కళ్ళు మెరుస్తున్నాయి.

“అయితే బుకింగ్ రద్దు చెయ్యమంటారా సార్?”

“కాస్త ఆగండి” అని ఆయన కుర్చీ ముందుకి లాక్కుని, ఫోను చెవికి ఆనించుకున్నారు. “ఇంకా మా అమ్మ మాట్లాడాలి.”